వేలచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తీసుకోవచ్చా?

నెల్లూరు నుంచి అమ్మగారితో చెన్నైకి మారుతున్నామని, ఆవిడకి మెట్లు కష్టమని, వేలచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తక్కువ అద్దెకి దొరికిందని, వరద భయం ఎంత ఉంటుందని అడిగారు.

ఆ ఇల్లు తీసుకోకండి. 2015 వరదకి నేను వేలచ్చేరిలోనే ఉన్నాను, ఇప్పటికీ ఇక్కడే మొదటి అంతస్తులో ఉంటున్నాను. ఆ ఏడు డిసెంబరు 2 ఉదయానికి తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. మా కింది పోర్షన్‌లో సూళ్లూరుపేట వాళ్లు ఉండేవాళ్లు. పిన్నిగారు వీధి గుమ్మానికి గోనెసంచులు అడ్డం పెడుతుంటే, వెనక బాత్రూమ్ జాలీలోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకొచ్చాయి. రోడ్డు మీద డ్రైనేజీ నిండితే అది ఇంట్లోకే ఎదురు తన్నుతుంది, గుమ్మానికి ఎన్ని బస్తాలు వేసినా ఆగదు. చూస్తుండగానే మంచం కోళ్లు మునిగాయి, ఫ్రిజ్ ఒరిగిపోయి తేలింది. ఆ మురుగే సంప్‌లోకీ దిగింది. వాళ్లందరినీ మా ఇంట్లోకి తెచ్చుకున్నాం. నీళ్లు తీశాక కూడా గోడల చెమ్మ, ఆ వాసన నెలల తరబడి వదల్లేదు.

ఇక్కడ వాన ఒక్కటే కాదు, నీళ్లకి దారి లేకపోవడం అసలు సమస్య. ఈ దక్షిణం వైపు చెరువుల నీళ్లు పళ్లికరణై చిత్తడి నేలకి చేరి, ఒక్కియం మడువు అనే కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలో పడాలి. ఆ చిత్తడి నేలలో చాలా భాగాన్ని ఇళ్లు, ఆఫీసులు, పెరుంగుడి చెత్త డంపు మింగేశాయి. పైగా సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు తీసుకోదు. అందుకే వాన ఆగినా మా వీధుల్లో నీళ్లు కదలవు. అడయార్ నది ఒడ్డు కథ వేరు. 2015లో ఆ నదిలోకి చెంబరంబాక్కం రిజర్వాయర్ నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలితే సైదాపేట, కొట్టూర్‌పురం రాత్రికి రాత్రే మునిగాయి. అటు ఇల్లు చూసినా ఇదే జాగ్రత్త.

టీవీలో తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ఒక్కటే చూసి ధైర్యపడకండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర. కానీ అంతకుముందు చెన్నైకి ఎదురుగా సముద్రంలో నత్తనడకన కదలడంతో 3, 4 తేదీల్లో ఇక్కడ కుండపోత. 2016లో వర్దా తుపాను నేరుగా చెన్నై మీదికే వచ్చింది, వేల చెట్లు కూలాయి, కరెంటు లేక అల్లాడిపోయాం, కానీ ఇళ్లు 2015లో మునిగినట్టు మునగలేదు. తుపాను ఎంత మెల్లగా కదులుతోందన్నదే నాకు ఎక్కువ టెన్షన్.

ఏ ఇల్లు చూసినా ఓనరు మాట, బ్రోకరు మాట పక్కన పెట్టి, ఆ వీధిలో ఇస్త్రీ బండి ఆయన్నో, పక్కింటి వాచ్‌మన్‌నో అడగండి. "2015లో ఎంతదాకా వచ్చాయి? 2023లో?" అంటే చేత్తో నడుము దగ్గరో మోకాలి దగ్గరో చూపిస్తారు. కరెంటు మీటర్ల బోర్డు ఎంత ఎత్తులో ఉందో చూడండి. వరద చూసిన ఓనర్లు దాన్ని తలెత్తు పైకి మార్పించి ఉంటారు. కింద కార్ పార్కింగ్ వదిలి ఇళ్లు పైనుంచి మొదలుపెట్టిన బిల్డింగ్ అయితే మేలు.

కారు ఉంటే హెచ్చరిక రాగానే ఎత్తు మీదికి చేర్చండి. 2024 అక్టోబరులో మావాళ్లు వేలచ్చేరి ఫ్లైఓవర్ మీదే వరసగా కార్లు పెట్టుకున్నారు. చూసినవాళ్లు నవ్వారు గానీ అది తెలివైన పని. నీళ్లు రావడం మొదలయ్యాక మాత్రం కారు కోసం సెల్లార్‌లోకి దిగొద్దు, దండం పెడతాను. అదే నెల 29న స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో వరదకి 200 మందికి పైగా పోయారు, వాళ్లలో కొందరు కార్లు తీసుకురావడానికి సెల్లార్లలోకి దిగినవాళ్లే. మునిగిన కారుని తర్వాత స్టార్ట్ కూడా చేయకండి. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఉంటే పూర్తిగా పాడవుతుంది, మామూలు ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు దానికి డబ్బు రాదు.

ఇక అమ్మగారి సంగతి. లిఫ్ట్ ఉంది కదా అని నాలుగో అంతస్తు తీసుకోకండి. వరదప్పుడు షాక్ కొట్టకుండా కరెంటు వాళ్లే సరఫరా ఆపేస్తారు, లిఫ్ట్ ఆగిపోతుంది. మొదటి అంతస్తు అయితే అవసరం పడినప్పుడు ఇద్దరు పట్టుకుని కుర్చీలో దించొచ్చు. ఆవిడ మందులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పదిహేను రోజులకి సరిపడా ముందే తెచ్చి పెట్టుకోండి. నీళ్లు నిలిస్తే మెడికల్ షాపులూ మూసేస్తారు.