అందరూ కలిసి రాసే ఫాంటసీ లోకంలో ఒకరి కథను ఇంకొకరు ఎలా దిద్దాలి?

ఆరుగురు మిత్రులు ఒకే ఊహాలోకంలో కథలు రాస్తున్నారని, మిమ్మల్ని ఎడిటర్‌గా కూర్చోబెట్టారని, స్నేహాలు చెడకుండా కథలు దిద్దడమెలాగని అడిగారు. నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. మా గుంపులో తొమ్మిదిమందిమి ఉన్నాం. అందరి కథలూ ఒకే నది ఒడ్డున, రెండు రాజ్యాల మధ్య జరుగుతాయి.

మామూలు కథ చేతికొస్తే కథ నడుస్తోందా, మనుషులు నమ్మేలా ఉన్నారా అని చూస్తాం. ఉమ్మడి లోకంలో ఇంకొకటి కూడా చూడాలి. ఈ కథలోని ఒక వాక్యం పక్కవాళ్ల కథ కింద నేలను తవ్వేస్తోందా?

మా దగ్గర జరిగిందే చెప్తాను. రెండో ఏడాది ఒకమ్మాయి చక్కటి కథ పంపింది. రేవు దగ్గర పూటకూళ్లమ్మ, అర్ధరాత్రి వచ్చిన పడవవాడికి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల పచ్చడి పెడుతుంది. తింటుంటే అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. కారానికో, ఇల్లు గుర్తొచ్చో ఆవిడకు అర్థం కాదు. అక్కడ నేను కాసేపు ఆగిపోయాను, అంత బాగా రాసింది. కానీ అంతకు ఏడాది ముందు మా గుంపులోనే ఒక పెద్దాయన రాసిన కథలో రెండు రాజ్యాలూ మిరియాల కోసం పదకొండేళ్లు యుద్ధం చేశాయి. ఆ లోకంలో కారమంటే మిరియమే. అది ఒక్క కొండసీమలోనే పండుతుంది. పూటకూళ్లమ్మ పెరట్లో మిరప మొక్క ఉందంటే ఆ యుద్ధంలో పోయినవాళ్లంతా ఎందుకు పోయినట్టు?

నిజానికి మన నేల మీద కూడా మిరపకాయ పాతది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టిన పంట, పోర్చుగీసువాళ్లతో మనదాకా వచ్చింది. 1498లో వాస్కోడగామా కాలికట్‌కు దారి వెతుక్కుంటూ వచ్చింది మిరియాల్లాంటి సరుకు కోసమే. కాబట్టి పెద్దాయన అల్లిక గట్టిదే, దాన్ని కాపాడాలి. అమ్మాయి రాసిన కన్నీళ్లూ పోకూడదు.

డాక్యుమెంట్‌లో నేను పెట్టిన కామెంట్ ఇది: "ఈ కన్నీళ్ల దగ్గర కథ నన్ను పట్టేసింది. మన లోకంలో మిరప లేదు, మిరియం బంగారంతో సమానం. అలాంటప్పుడు ఈవిడ దగ్గర ఏముంటుంది?" అంతే. ఏం రాయాలో చెప్పలేదు. మూడు రోజులకు కొత్త డ్రాఫ్ట్ వచ్చింది. పూటకూళ్లమ్మ కొంగుముడి విప్పి నాలుగు మిరియపు గింజలు తీస్తుంది. రెండింటిని మళ్లీ ముడేస్తుంది. మిగతా రెండూ రోట్లో వేసి దంచి పప్పులో కలుపుతుంది. పడవవాడు ఆ ముడి వంకే చూస్తుంటాడు, ఇంకా ముద్ద నోట్లో పెట్టకముందే అతని కళ్లు తడుస్తాయి. ఇంత మంచి సవరణ నాకు తట్టేది కాదు. యుద్ధం కథ రాసిన పెద్దాయన తర్వాతి కథలో ఆ కొంగుముడిని తీసుకున్నారు కూడా. ఎడిటర్ ఇబ్బంది ఎక్కడుందో చూపించాలి, దాన్ని తీర్చే పని రాసినవాళ్లకే వదలాలి అని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

ఇది ముందే తెలిసుంటే మొదటి ఏడాది ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. కరీంనగర్ వైపు తమ్ముడొకడు కొండసీమ ముసలమ్మ కథ పంపాడు. "నేను పోతలేను. నువ్వెందుకు గట్ల చూస్తున్నవ్?" అంటుంది ముసలమ్మ. నేను దాన్ని "నేను వెళ్లడం లేదు. నువ్వెందుకు అలా చూస్తున్నావు?" అని మార్చాను. కథ పొడవునా అదే పని. ఫాంటసీ అంటే ఒకే రకం పుస్తకాల భాష ఉండాలని నా బుర్రలో ఉండేది. వాడు ఫోన్ చేసి, "అన్నా, ముసలమ్మకు నేను మా అమ్మ మాట పెట్టిన. మొత్తం కొట్టేసినవ్" అన్నాడు. కథ వెనక్కి తీసుకున్నాడు. రెండు నెలలు గ్రూపులో మాట్లాడలేదు. నేను క్షమించమని అడిగి, ఆ మాటలన్నీ యథాతథంగా పెట్టి, మిగిలినవాళ్ల ముందు ఒక ప్రతిపాదన పెట్టాను: ఇకనుంచి కొండసీమ మనుషులు ఎవరి కథలో వచ్చినా ఈ మాటే మాట్లాడతారు. అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి రాసే అక్క కూడా కొండసీమ పాత్ర వస్తే వాడికి ఫోన్ చేసి మాట అడుగుతుంది.

పాత్రల సంగతి ముందే తేల్చుకోండి. 1979లో రాబర్ట్ ఆస్ప్రిన్ సంపాదకత్వంలో మొదలైన 'థీవ్స్ వరల్డ్' సంకలనాల్లో రచయితలంతా శాంక్చువరీ అనే ఒకే ఊళ్లో కథలు రాశారు. ఒకరి పాత్రను ఇంకొకరు వాడుకోవచ్చు గానీ, పాత్ర సొంతదారును అడగకుండా చంపకూడదు, మనిషిని మార్చేయకూడదు. మేమూ అదే పాటిస్తాం, దీనివల్ల గొడవలు చాలా తగ్గాయి. అంతదూరం వెళ్లక్కర్లేదనుకుంటే మన బేతాళుడే ఉన్నాడు. పాత సంస్కృత కథలు 25 అయితే, చందమామ అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాలపాటు వేసింది. చెట్టు, శవం, చివర ప్రశ్న, రాజు జవాబు, మౌనభంగం మారవు. మధ్యలో కథ ఎవరిదైనా కావచ్చు. మీ లోకంలో కూడా మారనివి ఏవో నాలుగైదు విషయాలు ముందే అనుకుని, మిగతాది రాసేవాళ్లకు వదిలేయండి.

ఇక రోజువారీ పని. మేం ఒక షీట్ పెట్టుకున్నాం. ఊళ్ల మధ్య దూరాలు, పంటలు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, కాలం కొలతలు అందులో ఉంటాయి. కొలతలు చిన్న విషయం అనుకోకండి. ఘడియ అంటే 24 నిమిషాలు. 'ఒక్క ఘడియలో కత్తి దూసి అడ్డుకున్నాడు' అని రాస్తే అప్పటికి మనిషి పోతాడు. ఇలాంటివి నాకు ప్రతి రెండో కథలో తగులుతాయి.

కథను నేను రెండుసార్లు చదువుతాను. మొదటిసారి కామెంట్లు పెట్టను, షీట్ తెరవను, ఊరికే చదువుతాను. రెండోసారి షీట్ పక్కన పెట్టుకుంటాను. పెద్ద అభ్యంతరం ఉంటే గ్రూపులో అనకుండా ముందు రాసినవాళ్లకే ఫోన్ చేస్తాను.

ఒక్కోసారి షీటే తప్పవుతుంది. మా నది ఎప్పుడూ ఎండదని రాసి ఉంది. పోయిన వేసవిలో వచ్చిన కథలో నది ఎండిపోతుంది, ఇసుకలో చెలమ తవ్వుకుంటూ ఇద్దరు శత్రువులు ఎదురుపడతారు. ఆ కథను ఆపడానికి నాకు మనసొప్పలేదు. షీట్ మార్చాం. పాత కథలు రెండింటిలో ఒక్కొక్క వాక్యం మార్చాల్సి వచ్చింది, వాటి రచయితలను అడిగే మార్చాం. అందుకే మీ షీట్‌లో ప్రతి వరుస పక్కనా అది ఎవరి ఏ కథలోంచి వచ్చిందో రాసి పెట్టుకోండి. ఎవర్ని అడగాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.