అత్తగారి నలభై రోజుల కాపలా

ప్రశ్న: మాది గుంటూరు. టర్కీ అబ్బాయిని పెళ్లి చేసుకుని ఇజ్మీర్‌లో ఉంటున్నాను. పాప పుట్టి 18 రోజులైంది. అత్తగారు నన్ను క్షణం కూడా ఒంటరిగా వదలరు. తలకు ఎర్ర రిబ్బను కట్టారు. పాపకు కామెర్లని పసుపు గుడ్డ కప్పారు, ఒంటికి ఉప్పు రాస్తానంటున్నారు. వీసా రాక అమ్మ రాలేదు. మా వారు నోరు మెదపరు. ఊరికే ఏడుపొస్తోంది.

జవాబు: బాలింత సమాధి నలభై రోజులు తెరిచే ఉంటుందని టర్కీలో పెద్దవాళ్లు అంటారు. కాన్పుల్లో తల్లులు పోవడం చూసిన తరాల భయం అది. అల్‌కరిసి అనే దయ్యం బాలింతను పట్టుకుంటుందని ఎర్ర రిబ్బను కడతారు, ఒంటరిగా వదలరు. నలభయ్యో రోజు తల్లీబిడ్డలకు స్నానం చేయిస్తే ఆ గండం గడిచినట్టే. పథ్యం పెట్టి, చెవుల్లో దూది పెట్టించి మీ అమ్మగారు ఇలాగే కాపలా కాస్తే మీకు ఇంత బరువుగా ఉండేది కాదేమో. పుట్టింటి పురుడు దక్కలేదన్న దిగులు అత్తగారి మీద కోపంగా మారుతోందేమో చూసుకోండి. రిబ్బను ఉండనివ్వండి. ఆవిడ దాల్చినచెక్క, లవంగాలు వేసి ఎర్రటి షర్బత్ ఇస్తే, మీకు షుగరు లేకపోతే, తాగండి.

ఉప్పుకు మాత్రం ససేమిరా ఒప్పుకోవద్దు. పసికందు పలుచని చర్మం గుండా అది ఒంట్లోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. పసుపు గుడ్డతో కామెర్లు తగ్గవు. రెండు వారాలు దాటినా ఒళ్లు పచ్చగానే ఉంటే ఇవాళే చూపించండి. మలం తెల్లగా పాలిపోయినా, మూత్రం ముదురు పసుపులో ఉన్నా అసలు ఆగవద్దు. మీ పేటలోని కుటుంబ ఆరోగ్య కేంద్రంలో మీ ఇంటికి కేటాయించిన డాక్టరు ఉంటారు. అత్తగారినీ వెంట తీసుకువెళ్లండి, డాక్టరు నోట వింటే ఆవిడకూ గురి కుదురుతుంది.

ఇంట్లో ఈ మాట చెప్పాల్సింది మీ వారు. ఆయన తల్లికి ఆయన భాషలో చెబితే అది కోడలి ధిక్కారం అనిపించదు. మౌనంగా ఉండటం ఈ సమయంలో తండ్రికి తగదని ఆయనతో గట్టిగానే అనండి. రోజూ ఓ గంట పాపను అత్తగారికి అప్పగించి, గదిలో మీ వారిని కూర్చోబెట్టుకుని నిద్రపోండి. మనిషి తోడుంటాడు కాబట్టి ఆవిడ భయమూ తీరుతుంది.

కాన్పయ్యాక తొలి రోజుల్లో ఏడుపు రావడం సహజమే. రెండు వారాలు దాటాక కూడా వస్తోందంటే ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. పాప కోసం వెళ్లినప్పుడే ఇదీ చెప్పండి. మీకు గానీ పాపకు గానీ హాని తలపెట్టే ఆలోచన వస్తే వెంటనే మీ వారిని లేపి 112కు ఫోను చేయించండి.