కచేరీకి వచ్చే కొత్తవాళ్ళు ఒక్కొక్కరి పక్కన పాటకి చేత్తో తాళం వేసే మనిషిని కూర్చోబెట్టు

అమ్మణ్ణీ,

నీ మెసేజ్ చూశా. మీ ఊళ్ళో తెలుగోళ్ళంతా కలిసి కచేరీ, కూచిపూడి పెట్టుకుంటుండారని, ఈసారి ఆఫీసు వాళ్ళనీ పక్కింటి అమెరికా వాళ్ళనీ కూడా పిలుస్తుండావని, వాళ్ళు మధ్యలో లేచిపోకుండా ఏం చెయ్యాలో చెప్పు పెద్దమ్మా అని అడిగావే, చాలా సంతోషమేసింది. ఇన్నేళ్ళు నెల్లూరులో పిల్లలకి సంగీతం చెప్పి, టౌన్ హాల్లో కచేరీలు పెట్టించి, మీ అన్న కాడికి వచ్చినప్పుడు అక్కడి ప్రోగ్రాములూ చూసి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. కొత్తవాళ్ళని గెస్టులని చెప్పి ముందు వరసలో ఒక గుంపుగా కూర్చోబెట్టొద్దు. ఒక్కొక్కరి పక్కన తాళం వేస్తూ వినే మనిషి ఒకరు ఉండేట్టు చూడు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే కచేరీ వినడం ఎవరికైనా పక్కమనిషిని చూసే వస్తుంది, మనకీ అట్టానే గదా వచ్చింది, మీ తాత చెయ్యి తొడ మీద పడుతుంటే చూసి మనమూ వేశాం, ఎవరూ పాఠం చెప్పలా. ఆది తాళం ఒక్కటి చాలు. ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళ లెక్క, ఆ తర్వాత దెబ్బ విసురు, దెబ్బ విసురు (విసురంటే అరచెయ్యి పైకి తిప్పడం), మొత్తం 8 లెక్కలు. మొదలుపెట్టే ముందు 5 నిమిషాలు హాలంతా ఇది వేయించు, మనోళ్ళ చేత కూడా, వాళ్ళల్లోనూ సగం మందికి రాదు. కచేరీ మొదట్లో పాడే వర్ణం ఎత్తుకోగానే వాళ్ళ చేతికి పని దొరుకుతుంది, తని ఆవర్తనం, అంటే పాట ఆపి తాళవాద్యం ఒక్కటే వాయించే భాగం, వచ్చేసరికి మృదంగం ఎక్కడెక్కడో తిరిగి సరిగ్గా పాట ఎత్తుగడకి ఎట్టా వచ్చి పడిందో ఎవరూ చెప్పకుండా వాళ్ళకే తెలుస్తుంది. మెయిన్ పాట కూడా ఆది తాళంలోదే పెట్టమని పాడేవాళ్ళని ముందే అడుగు, 7 లెక్కల మిశ్రచాపు తాళం సంగతి ఇంకోసారి చూసుకోవచ్చు. ఆలాపన దగ్గర మాత్రం చెయ్యి ఆపమను, ఇక్కడ తాళం ఉండదు, రాగాన్ని మెల్లగా విప్పుతుండారు అని పక్కనున్నోళ్ళు చెవిలో చెప్తే సరిపోతుంది.

శ్రుతి చేసుకునేటప్పుడు కూడా, ఇది ఇంకా పాట కాదు, వాయిద్యాలు సరిచేసుకుంటుండారు అని ఒక ముక్క చెప్పాల. 1971లో న్యూయార్కులో బంగ్లాదేశ్ కోసం పెట్టిన కచేరీలో సితార్ రవిశంకర్ గారు వాళ్ళు వాయిద్యాలు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టేశారు, శ్రుతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆయన మర్యాదగా అని మొదలుపెట్టారు. ఆ జనాన్ని తప్పు పట్టేందుకు ఏమీ లేదు, వాళ్ళకి ఎవరూ ముందు చెప్పలేదు.

భాష రాకుండా ఎట్టా ఆనందిస్తారు అన్నావు. త్యాగరాజస్వామి పూర్వీకులు మన ఆంధ్రాలో కంభం దగ్గర కాకర్ల ఊరి వాళ్ళు, అదే వాళ్ళ ఇంటిపేరు. ఆయన 1767లో పుట్టి, తిరువయ్యారులో తమిళం మాట్లాడే వాళ్ళ మధ్య బతికి తెలుగులో పాడుకున్నారు, ఆ పాటల్ని ప్రాణంగా దాచుకుని మన దాకా తెచ్చింది అక్కడి శిష్యపరంపరలే. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగం పోయి స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించి, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. జాన్ హిగిన్స్ అనే అమెరికా ఆయన అక్కడే వెస్లియన్ యూనివర్సిటీలో రంగనాథన్ గారి దగ్గర మొదలుపెట్టి, మద్రాసు వచ్చి ఆయన తమ్ముడు విశ్వనాథన్ గారి దగ్గర నేర్చుకుని, త్యాగరాజ కీర్తనలు పాడి హిగిన్స్ భాగవతార్ అనిపించుకున్నారు, 1984లో పోయారు పాపం, చిన్న వయసులోనే. కాబట్టి నీ పక్కింటామెకి ఇది అందదని ముందే తేల్చెయ్యొద్దు. పల్లవి అర్థం మాత్రం రెండు లైన్లలో కాగితం మీద ప్రింట్ చేసి ఇవ్వు, పాటంతా వద్దు, కాగితం చదువుకుంటూ కూర్చుంటే వినరు.

డాన్సుకి ముందు మైకులో నాట్యశాస్త్రం అనే పాత గ్రంథం ఎన్ని వేల ఏళ్ళదో చెప్పే ఉపన్యాసం తీసెయ్. కూచిపూడిలో సత్యభామ కథ ఆడే భామాకలాపం అయితే, ఈమె సత్యభామ, కృష్ణుడి భార్య, చాలా అందగత్తె, ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు, ఇప్పుడు భర్త మీద అలిగి ఉండాది, ఆ జడ ఎట్టా విసురుతుందో చూడండి అని చెప్పు, ఇంక వాళ్ళే చూసుకుంటారు. కూచిపూడిలోనే తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడగానే చప్పట్లు వస్తాయి, రానీ, కానీ పాదాల కింద పళ్ళెం కదిలే చప్పుడు మృదంగంతో ఎట్టా కలుస్తుందో కూడా వినమను, అసలు విద్వత్తు అక్కడుంది.

వాళ్ళ కోసమని మధ్యలో సినిమా పాటలకి డాన్సులు పెట్టడం, మెయిన్ పాటని కుదించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. తగ్గించాల్సింది శాలువాలు, సన్మానాలు, స్పాన్సర్ల స్పీచులు. 6 గంటలని వేసి 7కి మొదలుపెట్టొద్దు, వాళ్ళు టైముకి వచ్చి ఖాళీ హాల్లో కూర్చుంటారు, నాకైతే అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అయిపోయాక భోజనాల దగ్గర చాలా బ్యూటిఫుల్‌గా ఉంది అంటారు. థాంక్స్ చెప్పి వదిలెయ్యకుండా ఏది నచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు అని అడుగు, ఆ పదినిమిషాల మాటలకే మళ్ళీ వచ్చేవాళ్ళెవరో తెలిసిపోతుంది. అట్టాంటోళ్ళు దొరికితే మీ అమెరికాలోనే క్లీవ్‌లాండ్ తీసుకుపో, 1978 నుంచి అక్కడ త్యాగరాజ ఆరాధన సంగీత ఉత్సవం జరుగుతుండాది.

వాళ్ళ పిల్లలెవరన్నా డాన్సు నేర్చుకుంటామంటే మన పిల్లల్లాగే చేర్చుకోమని మీ టీచరమ్మకి చెప్పు, అదే ఫీజు, అవే అడుగులు, అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ, సరిగ్గా కూర్చునేదాకా అదే సాధకం. భూమికి నమస్కారం ఎందుకు చేస్తామో చెప్పండి, బలవంతం వద్దు. తెల్లపిల్ల అని చెప్పి ఇంకా తయారు కాకముందే స్టేజీ మీద ముందు నిలబెట్టి ఫోటోలు తియ్యడం మాత్రం చెయ్యొద్దు, ఆ పిల్లకీ అన్యాయమే, ఆరేళ్ళుగా వెనక వరసలో కష్టపడే మన పిల్లకీ అన్యాయమే.

పాటల లిస్టు ఫైనల్ కాగానే వాట్సాప్‌లో పెట్టు, ఏ పాటకి ముందు ఏం చెప్పాలో రెండేసి వాక్యాలు రాసి పంపిస్తా, ఇంగ్లీషు నువ్వు చేసుకో. మైకు పట్టుకునే పిల్లని ఒక ఆదివారం మీకు పొద్దున్నపూట నాకు వీడియో కాల్ చెయ్యమను, తాళం వేయించేది ఎట్టాగో చూపిస్తా.

మీ పెద్దమ్మ
నెల్లూరు