తవుడు తిన్న గొర్రె గడ్డి ఎందుకు మానేసింది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. కొబ్బరి తోటలో నెల్లూరు జాతి గొర్రెలు పెంచుతున్నాం. పండక్కి పొట్టేళ్లు అమ్ముదామని, బాగా కండ పట్టాలని ఒక్కోదానికి రోజూ 300 గ్రాముల మిల్లు తవుడు, 150 గ్రాముల గానుగ కొబ్బరి చెక్క పెడుతున్నాం. ఇంట్లో నూనె ఆడించగా మిగిలిన మడ్డి ఉంది. అదీ బలమేనని మా అత్తయ్యగారు అంటే దాణాలో పెద్ద చెంచాడు కలుపుతున్నాం. మొదట్లో ఎగబడి తిన్నాయండి. ఇప్పుడు దాణా సగంలో వదిలేస్తున్నాయి, ఎండుగడ్డి అసలు ముట్టడం లేదు. నెమరు తగ్గింది. పెంటికలు విడివిడిగా కాకుండా ముద్దగా పడుతున్నాయి. జ్వరం లేదు, నట్టల మందు కూడా తాగించాం. చాలా టెన్షన్‌గా ఉంది. నూనె వల్లేనంటారా?

జవాబు: నూనె వల్లేనమ్మా. మీరు రాసిన లెక్కలోనే అది కనిపిస్తోంది. 30 కిలోల పొట్టేలు తేమ తీసేసి చూస్తే రోజుకు సుమారు ఒక కిలో మేత తింటుంది. మిల్లు నుంచి నేరుగా తెచ్చిన తవుడులో నూటికి 15 పాళ్ల వరకు నూనె ఉంటుంది. అంటే మీ 300 గ్రాముల్లో 45 గ్రాములు. గానుగ చెక్కలో నూటికి 10 పాళ్లు వేసుకుంటే మరో 15 గ్రాములు. మడ్డితో ఇంకో 15. గడ్డిలో సహజంగా ఉండే కొవ్వు కూడా కలిపితే 80 గ్రాములు దాటిపోతోంది. గొర్రె మేతలో కొవ్వు నూటికి 5 పాళ్ల లోపు ఉండాలి, ఎట్టి పరిస్థితిలోనూ 6 దాటకూడదు. మీ పొట్టేలుకు 8 పైనే పడుతోంది.

గొర్రె గడ్డిని స్వయంగా అరిగించుకోలేదు. దాని పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును విడగొట్టేది అవే. నూనె ఎక్కువైతే పీచును అరిగించే బాక్టీరియా, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు దెబ్బతింటాయి. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం ప్రోటోజోవాకు మరీ పడదు. తవుడు నూనెలో ఉండే అసంతృప్త కొవ్వులేమో బాక్టీరియాను అణిచేస్తాయి. మీరు రెండూ కలిపి పెట్టారు. పైగా నూనె గడ్డి ముక్కల మీద పొరలా పట్టుకుంటుంది. అరటాకుకు నూనె రాస్తే నీళ్లు ఎలా జారిపోతాయో, అలా సూక్ష్మజీవులకు గడ్డి మీద పట్టు దొరకదు.

ఇక అరగని గడ్డి పొట్టలోంచి కదలదు. పొట్ట నిండే ఉంటే గొర్రె మళ్లీ గడ్డి జోలికి ఎందుకు వెళ్తుంది? మీ గొర్రెలు అసలు ముట్టనిదీ ఎండుగడ్డినే కదా. కోనసీమలో పనిచేసినన్నాళ్లూ, గొర్రె మేత తినడం లేదని ఎవరైనా పిలిస్తే నేను ముందు చూసేది తొట్టి పక్కన మిగిలిన గడ్డినే. దాణా తింటూ గడ్డి మిగిల్చిందంటే ఒక దారి, దాణాకు కూడా మూతి తిప్పేసిందంటే ఇంకో దారి. ఈ తేడా చూసి చెప్పగలిగిన రైతు నాకు సగం పని తగ్గించినట్టే.

దాణా సగంలో వదలడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొవ్వు చిన్న పేగులోకి చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై, కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందుతుంది. అందుకే కొవ్వు ఎక్కువున్న దాణా పెడితే గొర్రె ఆత్రంగా మొదలుపెట్టినా త్వరగా ఆగిపోతుంది. ఒక్కో విడతలో తినేది తగ్గుతుంది. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే గ్రాము కొవ్వులో 9 ఉంటాయి కాబట్టి కొంతవరకు ఆ లోటు భర్తీ అవుతుంది. ఆ హద్దు దాటాక మాత్రం, కొవ్వు నుంచి వచ్చే శక్తి కంటే గడ్డి మానేయడం వల్ల పోయేదే ఎక్కువ. పొట్టేలు కండ పట్టకుండా ఆగిపోయేది అక్కడే.

నెమరు సంగతి. గడ్డి బాగా తినే గొర్రె రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. తవుడు పొడిగా ఉంటుంది, నమిలే పని ఉండదు. గడ్డి మానేసి తవుడు తింటే నమలడం తగ్గి, లాలాజలం తగ్గి, పొట్టలో పులుపు పెరుగుతుంది. పెంటికలు ముద్దగా పడటానికి దీని పాత్ర కూడా ఉంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మడ్డి ఈ రోజే ఆపేయండి. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. ఆవిడ చెప్పినట్టు నూనెలో బలం ఉన్నమాట నిజమే, కానీ గొర్రె పొట్టకు అది పడే మోతాదు చాలా చిన్నది. తవుడు నాలుగైదు రోజుల్లో మెల్లగా 100 గ్రాములకు దించి, మిగతాది నూనె తీసిన తవుడుతో పూరించండి. చేపల చెరువుల వాళ్లు దీన్నే డీఓబీ అంటారు, మీ వైపు సులువుగానే దొరుకుతుంది. కొబ్బరి చెక్క 100 గ్రాములు చాలు. ఇలా చేస్తే మొత్తం కొవ్వు నూటికి 4 పాళ్ల దగ్గరకు వస్తుంది. ఉదయం ముందు ఎండుగడ్డి వేసి, గొర్రెలు దాన్ని కాస్త మేశాకే దాణా పెట్టండి. దాణా ఒకేసారి కుమ్మరించకుండా రెండు పూటలుగా పంచండి. కొబ్బరి చెట్ల మధ్య దశరథ గడ్డి, గట్ల మీద అవిశ వేసుకుంటే పచ్చిమేత కూడా సమకూరుతుంది.

సాయంత్రం ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూడండి. నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపల కదలిక తెలియాలి. డొక్క ఉబ్బినా, ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, నా జవాబు కోసం ఎదురుచూడొద్దు.

"బైపాస్ ఫ్యాట్" పొడి గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి అదీ చెప్పేస్తాను. పామాయిలు కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపి చేస్తారు. రూమెన్‌లో పెద్దగా కరగదు, ముందుకు పోయి నాలుగో పొట్టలోని ఆమ్లంలో విడిపోతుంది. కాబట్టి సూక్ష్మజీవుల జోలికి పోదు. సబ్బు రుచి ఉండటం వల్ల గొర్రెలు మొదట్లో వాసన చూసి పక్కకు తప్పుకుంటాయి. కవల పిల్లలకు పాలిచ్చే తల్లికి, మే నెల ఎండల్లో మేత తగ్గిన వాటికి చిటికెడుతో మొదలుపెట్టి పెడితే ప్రయోజనం ఉంటుంది. మీ పొట్టేళ్లకు అనవసరపు ఖర్చు.

ప్రశ్న: కొత్త బస్తా విప్పిన తొలి వారం తవుడు బాగానే తిన్నాయి, తర్వాత అదే తవుడుకు మూతి పెట్టడం లేదు. బెల్లం నీళ్లు చల్లినా లాభం లేదు. (తణుకు దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: ఆ బస్తా వాసన చూడండి. మిల్లులో బియ్యం తెల్లగా పట్టి తవుడు విడిపోయిన క్షణం నుంచే అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. మన డెల్టా తేమలో కొద్ది రోజులకే చెడిన నూనె వాసన వస్తుంది. గొర్రెకు అది మనకంటే ముందే తెలుస్తుంది.

ఇంకొక సంగతి ఉంది. తిన్న తర్వాత ఒంట్లో ఎలా ఉందన్నది గొర్రె ఆ మేత రుచితో కలిపి గుర్తు పెట్టుకుంటుంది. అమెరికాలో యూటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా, ఆయన తోటి పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేసి దీన్ని గట్టిగా నిరూపించారు. ఒకసారి కడుపు తిప్పిన మేతను గొర్రె మళ్లీ నమ్మదు, బెల్లం వేసి ఏమార్చలేం. ఆ బస్తా పక్కన పెట్టేయండి. కొత్త తవుడు రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చి, అవి ఇష్టంగా తినే చెక్కలోనో పచ్చిగడ్డి ముక్కల్లోనో గుప్పెడు చొప్పున కలిపి అలవాటు చేయండి. మిల్లు దూరమైతే డీఓబీనే నయం. నూనె పెద్దగా లేదు కాబట్టి అంత త్వరగా చెడదు.

ప్రశ్న: చెరువు పట్టేశాక రొయ్యల మేత బస్తాలు మిగిలాయి. గొర్రెలకు పెట్టొచ్చా? (భీమవరం)

జవాబు: వద్దు. అందులో చేప పొడి, చేప నూనె ఉంటాయి. చేప నూనె గొర్రె ఆకలిని బాగా చంపుతుంది. రొయ్య రక్తానికి రాగి కావాలి కాబట్టి ఆ మేతలో రాగి కూడా కలుపుతారు. గొర్రె మిగతా పశువుల్లా రాగిని బయటకు పంపలేదు. అది నెలల తరబడి కాలేయంలో పేరుకుంటుంది, పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు ఉన్నట్టుండి కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా మారి ప్రాణం పోతుంది. ఆ బస్తాలు పక్క చెరువు వాళ్లకు ఇచ్చేయండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఆపేసి, ఏ గొర్రె ఎన్నాళ్లు తిన్నదో రాసుకుని పశువైద్యుడికి చూపించండి.