తలలో ఉన్నది పటమా, వాక్యాలా?

ఆలోచన అంటే తలలో ప్రోగ్రామ్ నడవడమేనా, లేక లోపల బొమ్మలుంటాయా అని అడిగారు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు.

మా బాబాయి వైజాగ్‌లో ఆటో నడుపుతాడు. ఎన్ఏడీ నుంచి మద్దిలపాలెం దాకా హైవే మీద జంక్షన్లు అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాడు. "సత్యం జంక్షన్‌కి ముందు ఏదొస్తాది బాబాయ్?" అంటే మాత్రం ఆగిపోతాడు. కళ్లు మూసుకుని, హ్యాండిల్ తిప్పుతున్నట్టు చెయ్యి కదుపుతూ "ఉండ్రా, తాటిచెట్లపాలెం దాటనీ... ఆఁ, గురుద్వారా" అంటాడు.

1970ల్లో పండితులు కొట్టుకున్నది ఇలాంటి దాని మీదే. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త కాస్లిన్ బృందం కొంతమందిని ఒక ద్వీపం పటాన్ని బాగా గుర్తుపెట్టుకోమని, మనసులోనే ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లమంది. దూరం పెరిగేకొద్దీ టైమూ పెరిగింది. అంటే లోపల బొమ్మలాంటిదేదో ఉందన్నాడు కాస్లిన్. మనసు మీదే పరిశోధించే పిలిషిన్ ఒప్పుకోలేదు. దూరం ఎక్కువైతే ఆలస్యమవుతుందని అందరికీ తెలుసు కాబట్టి ఊహలోనూ అలాగే చేస్తారు, లోపల ఉన్నవి వాక్యాల్లాంటి గుర్తులే అన్నాడు. తమాషా ఏమిటంటే ఇద్దరూ మనసు పని లెక్కింపే, అంటే కంప్యూటర్‌లాగా నియమాల ప్రకారం సాగేదే అన్నవాళ్లే. కాస్లిన్ తన బొమ్మల సిద్ధాంతాన్ని కంప్యూటర్ ప్రోగ్రామ్‌గానే రాసి చూపించాడు.

మరి బాబాయి తలలో ఉన్నదేమిటి? పటమే అయితే వెనక్కి చూడటం అంత కష్టం కాకూడదు. ప్రతి జంక్షన్ తన తర్వాతిదాన్ని మాత్రమే చూపించే జాబితా అయితే సరిగ్గా ఇలాగే తడబడాలి. వాక్యాల పక్షానికి తత్వవేత్త ఫోడర్, పిలిషిన్ 1988లో ఇచ్చిన వాదన గట్టిదే: "సూరి అప్పారావుని కొట్టాడు" అనుకోగలిగినవాడు "అప్పారావు సూరిని కొట్టాడు" అనీ అనుకోగలడు, అంటే ఆలోచనలోనూ వాక్యంలోలాగా అటూ ఇటూ మార్చుకోగల ముక్కలుండాలి. కానీ ఆ కదిలే చెయ్యి సంగతి వాళ్లు చెప్పరు. నా అంచనా, అక్కడ దాచుకున్నది దారి కాదు, నడపడం.

అలాగని 1991లో రోబోల విషయంలో వాటి పరిశోధకుడు బ్రూక్స్ అన్నట్టు లోపల ప్రతిరూపాలే (బయటి ప్రపంచానికి బదులుగా నిలిచే గుర్తులో బొమ్మలో) అక్కర్లేదు అనలేను. బాబాయి అప్పుడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు, ఎదురుగా రోడ్డు లేదు. రోడ్డుకి బదులు ఏదో ఒకటి లోపల ఉండాలి కదా.

తత్వవేత్త సెర్ల్ 1980లో చెప్పిన చైనీస్ గదిని మాత్రం ఇందులో కలపకండి. చైనీస్ రాని మనిషి ఒక గదిలో కూర్చుని, నియమాల పుస్తకం చూసి చైనీస్ ప్రశ్నలకి చైనీస్‌లోనే జవాబులిచ్చే ఊహ అది. గుర్తులు ఏ రూపంలో ఉన్నాయన్నది ఆయన గొడవ కాదు. వాటిని నియమాల ప్రకారం కదిపినంత మాత్రాన అర్థం ఎక్కడి నుంచి వస్తుందన్నదే. దానికి నన్ను ఒప్పించిన జవాబు ఇంకా ఎవరి దగ్గరా దొరకలేదు.