ఆఫ్రికా సఫారీ: ఏ జంతువును ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి?

కెన్యా, టాంజానియాలకు పెద్ద జంతువులను చూడటానికి వెళ్లబోయే పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: పిల్లల బడి సెలవుల్లో తప్ప మాకు వీలుపడదు. వేసవి, దసరా, సంక్రాంతి. ఈ మూడింటిలో వైల్డ్‌బీస్ట్ మందలు నది దాటడం ఎప్పుడు చూడగలం? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

దసరాకి వెళ్లండి. సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (దున్నలాంటి తల ఉన్న పెద్ద జింకలు), వాటితోపాటు రెండు లక్షలకు పైగా జీబ్రాలు, ఇంకా గజెల్ జింకలు వానల వెంట, లేత గడ్డి వెంట ఏడాదంతా తిరుగుతూనే ఉంటాయి. జులై నుంచి అక్టోబర్ దాకా ఇవి టాంజానియాలోని సెరెంగెటి పార్కు ఉత్తరపు కొసలోనూ, కెన్యా వైపు మసాయ్ మారాలోనూ ఉంటాయి. ఆ కాలంలో దక్షిణ మైదానాల్లో చుక్క నీరుండదు. మారా నది మాత్రం పారుతూనే ఉంటుంది. మొసళ్లున్నా సరే అవి ఆ నదిని దాటేది అందుకే. ఒక్కసారి దాటి ఊరుకోవు. అవతల ఎక్కడ వాన పడితే అటు, మళ్లీ ఇటు, ఇలా చాలాసార్లు దాటుతాయి. దసరా సెప్టెంబర్ చివర్లో వచ్చినా, అక్టోబర్ మధ్యలో వచ్చినా మీకు అవకాశం ఉంటుంది. కాస్త ముందొస్తే ఇంకా మేలు.

అయితే రెండు రోజులకు వెళ్లి నది దాటడం చూసి రావాలనుకుంటే చాలావరకు నిరాశే. మంద ఒడ్డుకు వచ్చి మూడు నాలుగు గంటలు నిలబడి, ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. ఒక్కోసారి అందుకు కారణం మన బండ్లే. ముందు వరుసలో చోటు కోసం అందరూ ఒడ్డు దాకా తోసుకొస్తే అవి దిగే దారి మూసుకుపోతుంది. మొదటి పదిపదిహేను జంతువులు నీళ్లలోకి దిగేదాకా బండిని వెనకే ఆపమని డ్రైవర్‌తో ముందే చెప్పండి. మారా దగ్గర కనీసం మూడు రాత్రులు ఉండండి.

సంక్రాంతికి మందలు దక్షిణాన, ఎన్‌డూటు చుట్టుపక్కల పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి. అక్కడి నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ మెండుగా ఉండటం వల్ల పాలిచ్చే తల్లులు అక్కడికే చేరతాయి. కానీ ఈనడం జోరందుకునేది ఫిబ్రవరిలో. రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. అన్నీ ఒకేసారి పుడితే సింహాలు, దుమ్ములగొండులు తినగా కూడా ఎక్కువ భాగం మిగులుతాయి. దూడ పుట్టిన పావుగంటలోపే లేచి నిలబడుతుంది. పిల్లలకు ఒక వారం సెలవు దొరికే మార్గం ఉంటే, నదికన్నా ఇదే చూపించమంటాను.

వేసవి సెలవులు అక్కడ పెద్ద వానల కాలం. మారా నేల చాలాచోట్ల మన నల్లరేగడే. వానపడితే ఫోర్‌వీల్ బండి కూడా ఇరుసు దాకా దిగబడుతుంది. గడ్డి నడుమెత్తు పెరిగి పడుకున్న సింహం కనబడదు. మేలోనే వెళ్లక తప్పదంటే దక్షిణాఫ్రికాలోని క్రూగర్ చూసుకోండి. అక్కడ అప్పటికి వానలు వెళ్లిపోయి, ఆకు రాలడం మొదలై, జంతువులు నీటిగుంటల దగ్గరకు చేరుతుంటాయి.

ఇంకో సంగతి. మ్యాపులో మారా, సెరెంగెటి ఒకదానికొకటి ఆనుకునే కనబడతాయి. కానీ పర్యాటకులు పార్కు లోపలి నుంచి సరిహద్దు దాటడానికి లేదు. సరిహద్దు ఊరు ఇసెబానియా మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి, దానికే ఒక రోజు పోతుంది. ఏడెనిమిది రోజుల యాత్రైతే ఒక దేశంతోనే సరిపెట్టుకోండి.

ప్రశ్న: ‘బిగ్ ఫైవ్’ అంటే ఏవి? ఐదూ ఒకే చోట చూడగలమా? (రాజమహేంద్రవరం)

సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, కేప్ బఫెలో అనే అడవిదున్న. ఈ పేరు పెట్టింది పాతకాలపు వేటగాళ్లు. కాలినడకన వెళ్లి తుపాకితో వేటాడేటప్పుడు ప్రాణం మీదకు తెచ్చే ఐదింటికి ఆ పేరు. అంతేగానీ చూడటానికి గొప్పవి ఈ ఐదే అని కాదు. జిరాఫీ, హిప్పో, చీతా ఈ లెక్కలో లేనే లేవు. లెక్క పూర్తిచేయాలనే తొందరలో ఎదురుగా వేటకు సిద్ధమవుతున్న చీతాను వదిలేసి, ఎక్కడో కనబడిందన్న ఖడ్గమృగం కోసం గంట ప్రయాణం చేసేవాళ్లుంటారు. ఆ పని చేయకండి.

ఒకే రోజు ఐదూ కనబడే అవకాశం ఎక్కువున్న చోటు టాంజానియాలోని ఎన్‌గోరోంగోరో. కూలిపోయిన అగ్నిపర్వతపు గిన్నె అది. అడుగు భాగం సుమారు 260 చదరపు కిలోమీటర్లు, గోడల ఎత్తు 600 మీటర్లు. ఉదయం 6 గంటలకు గేటు తెరవగానే దిగేలా చూసుకోండి. ఖడ్గమృగాలు తెల్లవారినప్పుడు బయట మేస్తూ ఉంటాయి, ఎండెక్కితే పడుకుంటాయి. గడ్డిలో పడుకుంటే దూరానికి రాయిలాగే ఉంటుంది. అక్కడ మీకు కనబడే ఖడ్గమృగం చాలాసార్లు అర కిలోమీటరు పైనే ఉంటుంది. బైనాక్యులర్ లేకపోతే చూశామన్న తృప్తి ఉండదు. జిరాఫీల కోసం మాత్రం ఆ గిన్నెలో వెతక్కండి, అవి కిందికి రావు.

ఖడ్గమృగాన్ని దగ్గరగా చూడాలంటే కెన్యాలోని లేక్ నకూరు మేలు. నల్లది, తెల్లది రెండూ ఉన్నాయి. రంగు చూసి గుర్తుపట్టాలనుకోకండి, రెండూ బూడిద రంగే. మూతి చూడండి. తెల్లదానికి గడ్డి కోసుకోవడానికి వీలుగా పలకలా వెడల్పాటి మూతి, తల ఎప్పుడూ కిందికే. నల్లదానికి కొమ్మలు లాక్కోవడానికి కొక్కెంలా మొనదేలిన పైపెదవి, పొదల్లో ఉంటుంది, కోపమూ ఎక్కువే. పిల్ల ఉంటే ఇంకా సులువు: తెల్లదాని పిల్ల తల్లికి ముందు నడుస్తుంది, నల్లదాని పిల్ల వెనక. రెంటికీ కొమ్ములు రెండేసి. మన కాజీరంగా దానికి ఒక్కటే. తెల్లవాటిలో ఉత్తరాది రకానికి చివరి మగది, సుడాన్ అని పేరు, 2018 మార్చిలో కెన్యాలోని ఓల్ పెజెటాలో చనిపోయింది. ఇక మిగిలినవి నాజిన్, ఫాటు అనే రెండు ఆడవే.

ప్రశ్న: చిరుత, చీతా ఒకటే కదా? పేపర్లలో రెండు పేర్లూ రాస్తారు. (ఖమ్మం)

ఒకటి కాదు. చిరుత మన నల్లమలలోనూ ఉంది. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి తెచ్చి వదిలాక ఆ పేరు మళ్లీ పేపర్లలోకి వచ్చింది.

చీతాకు కంటి లోపలి మూల నుంచి నోటిదాకా కన్నీటి చారలాంటి నల్లగీత ఉంటుంది. ఒంటిమీద విడివిడి నల్లచుక్కలు, సన్నని నడుము, పొడుగు కాళ్లు, చిన్న తల. చిరుతకు ఆ గీత ఉండదు. చుక్కలు గుత్తులుగా, పూరేకుల్లా ఉంటాయి, మెడ, భుజాలు బలంగా ఉంటాయి.

వెతికే పద్ధతీ వేరే. చిరుత కోసం వాగుల వెంట ఉన్న పెద్ద చెట్లలో అడ్డంగా సాగిన కొమ్మలు చూడాలి. ముందు కనబడేది చిరుత కాదు, వేలాడే తోకో, వేటాడి కొమ్మకు తగిలించిన జింక కాళ్లో. ఇంపాలా జింకలు అన్నీ ఒకే వైపు చూస్తూ ముక్కుతో బుసకొడుతున్నా, బబూన్ కోతులు అదేపనిగా అరుస్తున్నా ఇంజిన్ ఆపి అక్కడే ఆగండి. చీతా మాత్రం పట్టపగలు, బయలు మైదానంలో, చెదపుట్టమీద ఎక్కి చుట్టూ చూస్తూ దొరుకుతుంది.

చీతా దగ్గర ఒక జాగ్రత్త తప్పనిసరి. అది పరుగులో మేటి, పోట్లాటలో కాదు. వేటాడాక రొప్పు తగ్గేదాకా తినలేదు, ఈలోగా దుమ్ములగొండి వస్తే వదిలేసి పోతుంది. బండ్లు గుమిగూడితే తల్లి వేట చెడుతుంది, పిల్లలు చెదిరిపోతాయి. మసాయ్ మారాలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. పర్యాటకుల తాకిడి ఎక్కువున్న చోట ఒక్కో ఈతకు సగటున 0.2 పిల్లలు, తక్కువున్న చోట 2.3 పిల్లలు పెరిగి పెద్దవయ్యాయని తేలింది. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించకూడదని మారాలో నియమం ఉంది. మీది ఆరోదైతే ఆగి, వరుస వచ్చేదాకా దూరంగా ఉండమని మీరే డ్రైవర్‌కు చెప్పండి. ముందుకు పోనిమ్మని పర్యాటకులు ఒత్తిడి పెడతారనే భయంతోనే చాలామంది డ్రైవర్లు నియమం తప్పుతారు.

ప్రశ్న: మా వైపు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు పొలాల మీదకి వస్తుంటాయి. ఆఫ్రికా ఏనుగు వీటికన్నా వేరా? జీపు దగ్గరకి వస్తే ఏం చేయాలి? (పలమనేరు)

వేరే. ఆఫ్రికా మైదానపు మగ ఏనుగు భుజం దగ్గర మూడు మీటర్లు దాటుతుంది, బరువు ఆరు టన్నుల దాకా ఉంటుంది. చెవులు భుజాలను కప్పేంత పెద్దవి. మనదానికి వీపు ఉబ్బెత్తు, దానికి నడుమ పల్లం. మనదానికి నుదుటిపై రెండు బుడిపెలు ఉంటాయి, దాని తల నున్నగా వెనక్కి వాలి ఉంటుంది. తొండం చివర మనదానికి ఒక వేలు, దానికి రెండు. అక్కడ ఆడ ఏనుగులకు కూడా పొడవైన దంతాలుంటాయి. దంతాలు చూసి మగదనుకుంటే పొరబడతారు.

ఒక విషయం మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర కణత నుంచి ద్రవం కారుతుంటే మదపుటేనుగు అని తప్పుకుంటాం. ఆఫ్రికాలో ఆడవాటికి, గున్నలకు కూడా ఉద్రేకం కలిగినప్పుడు కణతలు తడుస్తాయి. అది మదం కాదు. పెద్ద మగదై, కణతలతోపాటు మూత్రం చుక్కలుగా కారుతూ వెనక కాళ్లు తడిసి, ఘాటైన వాసన వస్తుంటే అప్పుడు మదమే. దానికి దారి వదిలి వెనక్కి పోవాలి.

చెవులు విప్పి, తల ఎగరేసి, ఘీంకరిస్తూ వస్తే చాలావరకు బెదిరింపే, కొంత దూరంలో ఆగుతుంది. చెవులు వెనక్కి అదిమి, తొండం లోపలికి ముడిచి, చప్పుడు లేకుండా వస్తే అది నిజం. ఆ తేడా తేల్చే పని డ్రైవర్‌కు వదిలేయండి. మీరు చేయాల్సింది అరవకుండా, లేచి నిలబడకుండా కూర్చోవడం. గున్నకు, తల్లికి మధ్య బండి ఎప్పుడూ ఉండకూడదు.

ఏనుగుల కోసమే వెళ్లేవాళ్లకు కెన్యాలోని అంబోసెలి మించినది లేదు. కిలిమంజారో నీళ్లు భూమి లోపల పారి అక్కడ చిత్తడి నేలలుగా బయటపడతాయి. కుటుంబాలు పొద్దున వరుసకట్టి వాటిలోకి వెళ్లి, సాయంత్రం తిరిగి వస్తాయి. ఆ దారి దగ్గర ముందే ఆగి ఉంటే అవే మీ ముందు నుంచి నడిచిపోతాయి. 5,895 మీటర్ల ఆ కొండ ఏనుగుల వెనక ఫొటోలో పడాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి. ఎండెక్కితే శిఖరాన్ని మబ్బు కప్పేస్తుంది.

ప్రశ్న: అక్కడ పులులు ఎక్కడ ఎక్కువ? (నెల్లూరు నుంచి ఒక విద్యార్థి)

ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. అది ఆసియా జంతువు, మన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యానికి వెళ్లండి. ఇంకోటి కూడా తెలుసుకోండి: సహారాకు దక్షిణాన మన చుక్కల దుప్పిలా ఏటా కొమ్ములు రాల్చే జంతువే లేదు. అక్కడ మీరు చూసే ఇంపాలా, గజెల్, ఈలాండ్ అన్నీ మన కృష్ణజింక జాతివే. కొమ్ములకు కొమ్మలుండవు, జీవితాంతం అవే ఉంటాయి.

ప్రశ్న: నది ఒడ్డున గుడారాల్లో బస ఇచ్చారు. కంచె లేదట. భయపడాలా? (విజయవాడ)

నియమం పాటిస్తే భయం లేదు. అక్కడ తలచుకోవాల్సింది సింహాన్ని కాదు, హిప్పోని. పగలంతా నీళ్లలో బద్ధకంగా కనబడే ఆ జంతువు టన్నున్నర పైనే బరువుంటుంది. చీకటిపడ్డాక గట్టెక్కి రాత్రంతా మేస్తుంది. గుడారాల మధ్యకీ వస్తుంది. దానికీ నీటికీ మధ్య మనిషి అడ్డుపడితే బెదిరి నీటివైపే దూసుకొస్తుంది, దారిలో ఉన్నవాణ్ణి తొక్కేస్తుంది. చీకటిపడ్డాక భోజనానికి వెళ్లాలన్నా కాపలా మనిషి వచ్చేదాకా గుడారం జిప్ తెరవద్దు. లోపల తినుబండారాలు ఉంచొద్దు.

ప్రశ్న: అమ్మానాన్నలతో కెన్యా వెళ్తున్నాం. ఏమేం సర్దుకోవాలి? (హైదరాబాద్)

ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. 60 దాటినవాళ్లకు, గుడ్డు పడనివాళ్లకు ఈ టీకాతో ఇబ్బందులుండొచ్చు. అమ్మానాన్నలను ముందు డాక్టర్‌కు చూపించండి. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడగండి.

పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లేవాళ్లు ప్లాస్టిక్ సంచుల్లో కట్టొద్దు. కెన్యాలో 2017 నుంచి అవి నిషేధం. స్టీలు డబ్బాలు, గుడ్డ సంచులు వాడండి. నైరోబీ నుంచి చిన్న విమానంలో మారా వెళ్తే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల సూట్‌కేసు అందులో పట్టదు.

ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని స్వెటర్ వదిలేయకండి. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. పొద్దున ఆరింటికి పైకప్పు తెరిచిన బండిలో పెద్దవాళ్లు వణికిపోతారు. మంకీ క్యాపు, శాలువా ఉండాలి. దుమ్ముకు చున్నీ చాలు. ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు వాటి మీదే వాలతాయి. మిలిటరీ రంగు దుస్తులూ వద్దు.

బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి, అదీ మనిషికొకటి. ఒకటే ఉంటే చేతులు మారేలోపు జంతువు వెళ్లిపోతుంది. కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది. స్టాండ్ బండిలో పనికిరాదు. గట్టి గుడ్డతో చిన్న సంచి ఖాళీగా తీసుకెళ్లి, అక్కడ బియ్యమో బీన్సో కొని నింపి కిటికీ అంచున పెట్టుకుని దానిమీద కెమెరా ఆనించండి. బండి బుక్ చేసేటప్పుడు ఒక్కొక్కరికీ కిటికీ పక్క సీటు ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్లను వెనక చక్రాల మీది సీట్లో కూర్చోబెట్టకండి, గుంతల దెబ్బంతా అక్కడే తగులుతుంది.