ఒక్కసారైనా వెళ్లారా?

ప్రశ్న: మాది చంద్రగిరి. ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాను. వ్యాన్ నడిపే మా అబ్బాయి ఎర్రచందనం దుంగలతో పట్టుబడి ఏడు నెలలుగా చిత్తూరు జైల్లో రిమాండులో ఉన్నాడు. బెయిలు రాలేదు, లాయరు ఫీజు భారమైంది. నాకు కొడుకే లేడనుకున్నాను. మా ఆవిడ మాత్రం ములాఖత్‌కు పోయి వచ్చి, 'నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడా అని అడిగాడు' అంటుంది. సంకటహర చతుర్థికి కాణిపాకం పోయి మొక్కుకుంటున్నా మనశ్శాంతి లేదు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పెళ్లయ్యేదాకా మా ఆవిడను జైలుకు పోకుండా ఆపేదెలా? అబ్బాయి బెంగళూరులో ఉన్నాడని చెప్పొచ్చా?

జవాబు: ఆమెను ఆపే ఉపాయం నేను చెప్పను. అబద్ధం అసలే వద్దు. చంద్రగిరిలో జరిగింది పాకాలలో తెలియదా? పెళ్లయ్యాక బయటపడితే మాటలు పడేది మీ అమ్మాయే. సత్యప్రమాణాల దేవుడి ముందు గుంజీళ్లు తీసి వచ్చి వియ్యాలవారికి కట్టుకథ చెప్తారా? కాణిపాకం నుంచి చిత్తూరు పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఏడు నెలల్లో ఒక్కసారైనా అటు బస్సెక్కారా?

మీ ఉత్తరమంతా చదివాక నా మనసులో నిలిచింది ఆ బీపీ మాత్ర ఒక్కటే.

ఖైదీల ఇళ్లవాళ్లతో చాలా ఏళ్లుగా మాట్లాడుతున్నాను. లోపల పొద్దున తలలు లెక్కపెట్టి తలుపు తీస్తారు, సాయంత్రం లెక్కపెట్టి తాళం వేస్తారు. ఆ రెండు లెక్కల మధ్య మనిషిని నిలబెట్టేది ములాఖత్‌కు తన పేరు పిలుస్తారన్న ఆశ. ఎవరూ రానివాళ్లు మెల్లగా లాయరు సంగతి అడగడం మానేస్తారు. తర్వాత అన్నం సగంలో వదిలేస్తారు. మీవాడు ఆ గదిలో ఉండి కూడా మీ ఒంటి గురించి అడుగుతున్నాడంటే ఇంకా మీ ఇంటి మనిషిగానే బతుకుతున్నాడు. అది మీ ఆవిడ చలవ. ఆమెనూ ఆపేస్తే వాడికేం మిగులుతుంది?

తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. మీరు మాత్రం విచారణ లేకుండానే శిక్ష వేసేశారు. నా దృష్టిలో కన్నవాళ్లకు ఆ హక్కు లేదు. పరువు జైలు గేటు దగ్గర నిలబడితే పోదు.

ఫీజు సంగతంటారా, 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆ కాగితాల కోసం ఆమెనొక్కదాన్నే తిప్పకండి.

వచ్చే ములాఖత్‌కు ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని ఆమెతో బయల్దేరండి. ఏం మాట్లాడాలో తెలియదంటారేమో. మాత్ర వేసుకుంటున్నావా అని వాడే అడుగుతాడు. వేసుకుంటున్నానురా అని మీ నోటితో చెప్పండి.